ఫిడేలు నాయుడు గారు: చూపు తక్కువైన ఒక బాలుని కథ

మన డయోసిస్ శతవార్షికోత్సవ సంచికకు ఒక మహనీయుని జీవితమును గూర్చి వ్యాసము వ్రాసి పంపవలసిందిగా సంపాదక వర్గము వారు మమ్ములను కోరారు. తొలి మిషనెరీలను గూర్చి గాని, మన ప్రాంతములో ఊరూరా తిరిగి బోధించిన దేశీయ ఉపదేశకులను గూర్చి గాని మేము వ్రాస్తామని వారు తలచి ఉండవచ్చు. ఆ పని మాకంటే పెద్దలు, మాకంటే బాగా తెలిసినవారు చేయగలరు. మేము ఎన్నుకొన్న వ్యక్తి మన సంఘమునకు చెందినవారు కారు. మన కరీంనగరు, ఆదిలాబాదు ప్రాంతమునకు చెందినవారూ కారు. ఆయన విజయనగరములో చిరకాలము సంగీతము నేర్పిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారు. ఫిడేలు నాయుడు గారంటేనే ఆనాటివారికి తెలిసేది.

ఆయనను ఎన్నుకొనుటకు ఒక కారణమున్నది. మా హాస్టలులో ఉండిన ఒక బాలుని విషయములో మేము చేసిన పొరపాటే ఆ కారణము. దానిని గూర్చి తరువాత చెప్పుకొంటాము. ముందు నాయుడు గారి కథ విందాము.

కర్ణాటక సంగీతము మనకేమి తెలుసునని పాఠకులు సంకోచింపనక్కరలేదు. మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకము తెరిస్తే ప్రతి కీర్తన పైన రాగము పేరు, తాళము పేరు అచ్చువేసి ఉంటాయి. అర్థము తెలియకపోయినా వాటిని చిన్ననాటినుండి చూస్తున్నవారమే. ఇక కమాను వాద్యము మాటకు వస్తే, ఉట్నూరు, ఆసిఫాబాదు అడవులలో పరధానులు, తోటీలు గోండుల పూర్వగాథలు పాడుతూ వాయించే కిక్రి కూడా తీగెల మీద కమాను లాగి పలికించేదే. కాబట్టి ఫిడేలు మనకు మరీ దూరపు చుట్టము కాదు.

బాల్యము

వెంకటస్వామి నాయుడు గారు 1893 నవంబరు 8వ తేదీన బెంగుళూరులో జన్మించారు. ఆ రోజు దీపావళి. తండ్రి వెంకటరాయుడు గారు సైన్యములో ఉద్యోగి. ఉద్యోగము ముగిసిన తరువాత ఆ కుటుంబము విశాఖపట్నము చేరి స్థిరపడింది. నాయుడు గారు అక్కడనే పెరిగారు.

ఊరంతా దీపాలు వెలిగించిన రోజున పుట్టిన ఆ బిడ్డకు కంటిచూపు తక్కువ. బాల్యమునుండే దృష్టి మాంద్యము ఉండుటచే బడి చదువు సాగలేదు. బడి అంటే చూపుతో సాగే పని. బోర్డు మీద పంతులు వ్రాసినది చూడాలి, చూచినది పలక మీద దింపుకోవాలి, పుస్తకములో అక్షరాల వెంట వ్రేలు నడపాలి. కన్ను సహకరించని పిల్లవాడు ఈ మూడింటిలోనూ వెనుకబడతాడు. వెనుకబడిన పిల్లవానికి బడి పెట్టే పేరు ఒక్కటే, మొద్దు. కన్ను తక్కువైన పిల్లవాడిని తెలివి తక్కువైనవాడిగా లెక్కగట్టుట ఆనాడూ ఉన్నది, ఈనాడూ ఉన్నది.

ఆ కాలములో కంటి పరీక్ష తెలియకపోలేదు. పెద్ద అక్షరముతో మొదలై క్రిందికి పోను పోను చిన్నవయ్యే పట్టికను హాలెండు దేశపు వైద్యుడు హెర్మన్ స్నెల్లెన్ 1862లోనే, అనగా నాయుడు గారు పుట్టుటకు ముప్పది యేండ్ల ముందే తయారుచేశారు. మద్రాసులో 1819లోనే కంటి ఆసుపత్రి వెలసింది. ప్రపంచములో మిక్కిలి పాతవైన కంటి ఆసుపత్రులలో అది ఒకటి. విద్య ఉన్నది, వైద్యము ఉన్నది. పల్లె బడి బల్లకు, పట్టణపు ఆసుపత్రికి మధ్య దారి మాత్రము లేదు. పిల్లవాని కంటిని ఎవరైనా పరీక్షించాలన్న తలంపు బడిలో పుట్టని కాలమది.

అన్న చేయి

బడి విడిచిన తమ్ముని అన్న వెంకటకృష్ణయ్య గారు దగ్గరకు తీసుకున్నారు. ఆయనకు ఫిడేలు వచ్చును. తమ్ముని చేతికి ఫిడేలు ఇచ్చి తానే గురువయ్యారు. నాయుడు గారి జీవితము తిరిగిన మలుపు ఇదే.

ఇక్కడ మనము కొంచెము ఆగి ఆలోచించవలసి ఉన్నది. ఫిడేలు మన దేశపు వాద్యము కాదు. ఐరోపానుండి వచ్చినది. ముత్తుస్వామి దీక్షితుల వారి తమ్ముడు బాలుస్వామి దీక్షితులు (1786–1859) దానిని నేర్చి కర్ణాటక సంగీతములోనికి తెచ్చారని పెద్దలు చెబుతారు. నిలబడి గడ్డము క్రింద ఆనించి వాయించే దానిని మనవారు నేల మీద కూర్చుండి, దాని కొనను పాదమునకు ఆనించి వాయించుట అలవాటు చేసుకున్నారు.

వీణకు మెట్లు ఉంటాయి. ఏ స్వరము ఎక్కడ ఉన్నదో కంటికి కనబడుతుంది. ఫిడేలుకు మెట్లు లేవు. నల్లని పలక మీద వ్రేలు ఎక్కడ పెట్టాలో చూపించే గుర్తు ఏదీ ఉండదు. వెంట్రుకవాసి అటు జరిగినా ఇటు జరిగినా స్వరము తప్పుతుంది. ఆ తప్పును పట్టేది చెవి, దిద్దేది వ్రేలు. కంటికి అక్కడ పని తక్కువ. పైగా మన సంగీతము పుస్తకము చూచి నేర్చే విద్య కాదు. గురువు పలికిస్తే శిష్యుడు విని పలికించాలి. అన్న వాయించాడు, తమ్ముడు విన్నాడు, తిరిగి వాయించాడు. బడిలో ఏ కన్ను అడ్డు వచ్చిందో, ఇంటిలో ఆ కన్ను అడ్డు రాలేదు. పిల్లవాడు మారలేదు. నేర్పే పద్ధతి మారింది, నేర్పే మనిషి మారారు. అంతే.

చూపు తక్కువైనందుననే ఆయనకు సంగీతము అబ్బిందని కొందరు అంటారు. ఆ మాట సరికాదని మా అభిప్రాయము. చూపు తగ్గితే చెవికి కొత్త శక్తి దానంతట అదే రాదు. గంటల తరబడి సాధన చేసినందున వచ్చింది, సహనముగా నేర్పే అన్న ఉన్నందున వచ్చింది. అటువంటి అన్న లేని పిల్లలు ఎందరో బడి విడిచి పశువుల వెంట, కూలి పనుల వెంట పోయారు. వారి పేర్లు మనకు తెలియవు. నాయుడు గారి జీవితమును చదివేటప్పుడు ఆ పేరులేని పిల్లలను మరువరాదు.

విజయనగరములో

1919లో విజయనగర మహారాజా పూసపాటి విజయరామ గజపతిరాజు గారు ఒక సంగీత పాఠశాలను స్థాపించారు. దాని పుట్టుకలోనూ ఒక బాలుని కన్నుల కథ ఉన్నదని చెబుతారు. సంస్థానములో ఉద్యోగియైన చాగంటి జోగారావు గారి కుమారుడు గంగరాజు అంధుడు. అతనికి సంగీతము మీద ఆసక్తి మెండు. ఆ బాలుని కొరకు ఆలోచించబోగా మహారాజుకు ఒక పాఠశాలయే పెట్టవలెనన్న సంకల్పము కలిగిందట. ఒక్క పిల్లవాని కొరకు తెరిచిన తలుపు గుండా తరువాత కొన్ని తరముల పిల్లలు లోనికి వెళ్ళారు.

ఆ పాఠశాలకు మొదటి అధ్యక్షులు హరికథా పితామహులైన ఆదిభట్ల నారాయణదాసు గారు (1864–1945). నాయుడు గారు అప్పటికి ఇరువది ఆరేండ్ల యువకులు. విద్యార్థిగా చేరుదామని వెళ్ళిన ఆయన వాదన విని ఆచార్యులుగానే నియమించారని ఆ ప్రాంతమువారు నేటికీ చెప్పుకుంటారు. ఏమైనా 1919లోనే ఆయన అక్కడ ఫిడేలు ఆచార్యులయ్యారు. బడిలో నిలువలేకపోయిన బాలుడు కళాశాలలో గురుపీఠమెక్కాడు. 1936లో నారాయణదాసు గారి తరువాత ఆయనే అధ్యక్షులై 1953 వరకు ఆ బాధ్యత వహించారు.

ఆయన అధ్యక్షులుగా ఉన్న కాలములోనే కృష్ణా జిల్లానుండి ఒక పేద బాలుడు సంగీతము నేర్వవలెనని విజయనగరము వచ్చి, ఇండ్లలో భిక్ష అడిగి తింటూ చదువు సాగించాడు. అతడే తరువాత తెలుగువారందరికీ గొంతు తెలిసిన ఘంటసాల వెంకటేశ్వరరావు గారు. గాయని పి. సుశీల గారు కూడా ఆ కళాశాలలోనే అభ్యసించారు. ద్వారం వారి కుటుంబమునుండి వచ్చిన పెక్కుమంది ఫిడేలు విద్వాంసులై, బోధకులై ఆ విద్యను నిలిపారు.

పక్కవాద్యమునుండి ముందు వరుసకు

ఆ రోజులలో ఫిడేలుకు కచ్చేరీలో స్థానము గాయకుని ప్రక్కన. గాయకుడు పాడినదానిని అనుసరించుట దాని పని. నాయుడు గారు పెద్ద గాయకులకు సహకారము అందిస్తూనే, ఈ వాద్యము ఒంటరిగా ఒక సభను కూర్చోబెట్టగలదని నమ్మారు. పొడవుగా కమాను లాగి, ఒక్క లాగులో స్వరమును తెగనీయక నడిపించుట ఆయన బాణీలో గొప్ప లక్షణము. పాశ్చాత్య ఫిడేలు విద్వాంసుల గ్రామఫోను రికార్డులను శ్రద్ధగా విని, వారి కమాను పనితనములో మంచిని గ్రహించి, మన రాగమునకు భంగము కలుగకుండ వాడుకున్నారు. ఇదీ చెవితో చేసిన చదువే.

1938లో వెల్లూరులో ఆయన ఫిడేలు ఒక్కదానినే ప్రధాన వాద్యముగా పెట్టి కచ్చేరీ చేశారు. ఈనాడు ఒంటరి ఫిడేలు కచ్చేరీ సామాన్య విషయము. దానికి దారి వేసిన తొలివారిలో ఆయన ఒకరు. 1941లో మద్రాసు సంగీత అకాడమీ ఆయనకు సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది. ప్రపంచ ప్రసిద్ధి గాంచిన ఫిడేలు విద్వాంసుడు యెహుదీ మెనుహిన్ భారతదేశమునకు వచ్చినప్పుడు, మద్రాసులో న్యాయమూర్తి పి.వి. రాజమన్నారు గారి ఇంట నాయుడు గారి వాదన విని ముగ్ధులయ్యారు. 1953లో సంగీత నాటక అకాడమీ పురస్కారము, 1957లో పద్మశ్రీ ఆయనకు లభించాయి. 1964 నవంబరు 25న పరమపదించారు. ఆయన పుట్టి నూరేండ్లు నిండిన 1993లో భారత తపాలా శాఖ ఆయన ముఖముతో తపాలా బిళ్ళ వెలువరించింది.

ఇదీ నాయుడు గారి జీవితము. ఇక మా సంగతి చెప్పుకొనవలసి ఉన్నది.

మా హాస్టలు బాలుడు

సుమారు పదిహేనేండ్ల క్రితము గోదావరికి ఆవలి ఒడ్డున ఒక పాస్టరేటులో మేము సేవ చేసేవారము. సంఘపు హాస్టలు పిల్లల బాధ్యత కూడా మా మీదనే ఉండేది. అందులో అయిదవ తరగతి చదివే ఒక బాలుడు ఉండేవాడు. పాటలు ఒక్కసారి వింటే పట్టేవాడు. ప్రార్థనలో పెద్దలు చెప్పిన కథను మరునాడు పొల్లుపోకుండ చెప్పేవాడు. కాని ఆదివారపు బడిలో బోర్డు మీద కంఠత వాక్యము వ్రాసి చదువుమంటే చదివేవాడు కాడు. ప్రక్కవాని నోటు పుస్తకములోనికి తొంగిచూచేవాడు. సర్కారు బడిలో సార్లు కూడా ఇదే చెప్పారు. సోమరి అని మేము నిశ్చయించుకున్నాము. కాపీ కొట్టే అలవాటు మాన్పించవలెనని, ప్రక్కన ఎవరూ లేకుండ చివరి వరుసలో ఒంటరిగా కూర్చుండబెట్టాము. అట్లు ఒక సంవత్సరమంతా గడిచింది.

మరుసటి యేడు వేసవి ముందు మా ఊరిలో కంటి పరీక్షలు జరిగాయి. ముసలివారి శుక్లములు చూచుటకు వచ్చిన ఆ సిబ్బంది, సాయంత్రము సమయము మిగిలినందున హాస్టలు పిల్లలను కూడా చూచారు. ఇరువది అడుగుల దూరమున పట్టిక తగిలించి ఒక్కొక్కరిని నిలబెట్టారు. మా బాలునికి పై వరుసలోని పెద్ద అక్షరము కూడా కనబడలేదు. రెండు కండ్లకూ సుమారు మైనస్ అయిదు నంబరు అద్దాలు కావలెనని తేలింది. అంటే అద్దాలు లేకుండ ఆ పిల్లవానికి స్పష్టముగా కనిపించేది జానెడు దూరము మాత్రమేనని వారు మాకు వివరించారు. జానెడు దాటితే అంతా మసకే. అటువంటివానిని మేము బోర్డుకు ఇంకా దూరముగా, చివరి వరుసకు పంపాము. అదీ శిక్షగా.

అద్దాలు వచ్చిన రోజున వాడు హాస్టలు వాకిట నిలబడి ఎదుటి ఇంటి కప్పు మీది పెంకులను లెక్కపెట్టుట మేము చూచాము. వరుస తరువాత వరుస, చాలాసేపు లెక్కపెట్టాడు. తనకు కనబడదని ముందే ఎందుకు చెప్పలేదని అడిగాము. అందరికీ అలాగే కనిపిస్తుందని వాడు అనుకున్నాడట. పుట్టినప్పటినుండి మసకనే చూచినవానికి అది మసక అని ఎట్లు తెలుస్తుంది? చెప్పవలసినది వాడు కాదు, అడగవలసినది మేము. ఆ ప్రశ్న అడుగుటకు మాకు ఒక సంవత్సరము పట్టింది.

నాయుడు గారి జీవిత చరిత్ర మేము చదివినది ఆ తరువాతనే. బడి ఆయనను విడిచిపెట్టిన చోట మా ముఖమే మాకు కనబడింది. అందుకే ఈ వ్యాసము.

మన పిల్లల కండ్లు

పిల్లల కండ్లకు సాధారణముగా వచ్చే ఇబ్బందులను ఆ తరువాత వైద్యులను అడిగి తెలుసుకున్నాము. తల్లిదండ్రులకు, ఆదివారపు బడి ఉపాధ్యాయులకు, హాస్టలు పెద్దలకు ఉపయోగపడునని వాటిని ఇక్కడ పొందుపరుస్తున్నాము.

మొదటిది నంబరు దోషము. కంటిగ్రుడ్డు కొంచెము పొడవుగా పెరిగితే దూరపు వస్తువుల ప్రతిబింబము లోపలి తెర మీద పడక దానికి ముందే పడుతుంది. దగ్గరివి కనిపిస్తాయి, దూరపువి మసకబారుతాయి. ఇది ఎక్కువగా బడి వయస్సులో మొదలై ఎదిగే కొలది పెరుగుతుంది. కండ్లు చికిలించి చూచుట, బోర్డు దగ్గరకు లేచి వెళ్ళుట, పుస్తకమును ముక్కుకు ఆనించుకొనుట, తలనొప్పి అనుట, ప్రక్కవాని పుస్తకము చూచి వ్రాయుట దీని గుర్తులు. అద్దాలతో సరిపోతుంది. అద్దాలు పెట్టుకుంటే నంబరు పెరుగుతుందన్న భయము నిజము కాదు. ఆడపిల్లకు అద్దాలుంటే సంబంధాలు రావని దాచిపెట్టుట మన ఇండ్లలో ఇంకా ఉన్నది. అది ఆ పిల్లకు చేసే అన్యాయము. పిల్లలు రోజూ కొంతసేపు ఆరుబయట వెలుతురులో ఆడుకొనుట మంచిది. ఫోను ముందు గంటలు గడుపుట మంచిది కాదు.

రెండవది మెల్లకన్ను. అది అదృష్టమని మన పల్లెలలో ఒక నమ్మకము. పెరిగితే అదే సర్దుకుంటుందని మరొక నమ్మకము. రెండూ పిల్లవానిని నష్టపరుస్తాయి. రెండు కండ్లు ఒకే వైపు చూడనప్పుడు మెదడు ఒక కంటినుండి వచ్చే చూపును పట్టించుకొనుట మానివేస్తుంది. సుమారు ఏడెనిమిదేండ్ల లోపల చికిత్స జరిగితే ఆ చూపును చాలావరకు మేలుకొలుపవచ్చు. మంచి కంటిని కొన్ని గంటలు మూసి, బలహీనమైన కంటిచేత పని చేయించుట దానికి ఒక పద్ధతి. వయస్సు దాటిన కొలది ఫలితము తగ్గిపోతుంది.

మూడవది ఆహారలోపము. ఏ విటమిను తక్కువైతే మొదట చీకటి పడగానే పిల్లవాడు తడుముకుంటాడు. దీనినే రేచీకటి అంటారు. తరువాత తెల్లగ్రుడ్డు పొడిబారి నురుగువంటి మచ్చలు ఏర్పడతాయి. ఇంకా ముదిరితే, ముఖ్యముగా తట్టు పోసిన తరువాత, నల్లగ్రుడ్డు మెత్తబడి పుండుపడి కొద్ది రోజులలోనే చూపు పోవచ్చు. మానినా తెల్లని పువ్వు మిగులుతుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధనల ఆధారముగా 1970లో దేశమంతటా పిల్లలకు ఏ విటమిను మందు పోయుట మొదలైంది. తొమ్మిదవ నెలలో ఒక లక్ష యూనిట్లు, ఆ తరువాత ఆరేసి నెలలకు రెండు లక్షల చొప్పున అయిదేండ్ల వరకు, మొత్తము తొమ్మిది మోతాదులు. మునగాకు, తోటకూర, పాలకూర, బొప్పాయి, మామిడిపండు, కోడిగ్రుడ్డు మన పెరటిలో, మన అంగడిలో దొరికేవే. బిడ్డకు తల్లి ముర్రుపాలు పిండి పారబోయరాదు.

నాలుగవది కండ్లకలక. కండ్లు ఎర్రబడి, పుసులు కట్టి, రెప్పలు అతుక్కొంటాయి. హాస్టలులో ఒకరికి వస్తే పదిమందికి వస్తుంది. తువ్వాలు, దిండు వేరుగా ఉంచి చేతులు మాటిమాటికీ సబ్బుతో కడుగుకోవాలి. చాలావరకు కొద్ది రోజులలో తగ్గుతుంది. నొప్పి ఎక్కువైనా, వెలుతురు చూడలేకపోయినా, చూపు తగ్గినా ఆలస్యము చేయరాదు. ఆకు పసరు, చనుబాలు కంటిలో పోయరాదు. మందుల దుకాణములో తోచిన చుక్కలు కొని వేయుట కూడా ప్రమాదమే. కొన్ని చుక్కలు అప్పటికి ఎరుపు తగ్గించి, లోపల పుండును పెంచుతాయి.

అయిదవది దెబ్బ. చిర్రగోనె ఆడుతూ తగిలే చిర్ర, చీపురుపుల్లతో చేసిన బాణము, దీపావళి టపాకాయ, తాంబూలపు సున్నము. ఇవన్నీ పిల్లల కండ్లు తీసినవే. అంధులకు చుక్కల లిపి ప్రసాదించిన ఫ్రాన్సు దేశస్థుడు లూయీ బ్రెయిల్ 1812లో మూడేండ్ల పసివాడుగా తండ్రి తోలుపని ఆరెతో ఆడుకుంటూ ఒక కన్ను పొడుచుకున్నాడు. ఆ వాపు రెండవ కంటికి కూడా సోకి అయిదేండ్లకే పూర్తిగా అంధుడయ్యాడు. సున్నము పడితే ముందు రెప్పలు తెరిచి, సున్నపు తునకలు తీసివేసి, ధారాళముగా మంచినీటితో చాలాసేపు కడిగి, ఆ తరువాతనే ఆసుపత్రికి పరుగెత్తాలి. ఏదైనా గ్రుచ్చుకుంటే మాత్రము లాగరాదు, కడుగరాదు, నలుపరాదు. కంటిని ఒత్తకుండ కప్పి తీసికొనిపోవాలి.

చివరిది అన్నిటికంటె తొందరపడవలసినది. పసిపిల్లల నల్లగ్రుడ్డు మధ్యలో తెల్లగా మెరిస్తే అది పుట్టుకతో వచ్చిన శుక్లము కావచ్చు, కంటిలోపలి కాన్సరు కావచ్చు. మొదటిది చూపు తీస్తుంది, రెండవది ప్రాణమే తీస్తుంది. ఇక నెలలు నిండక ముందు, తక్కువ బరువుతో పుట్టిన బిడ్డల కంటి తెరను పుట్టిన ముప్పది రోజులలోపల వైద్యునికి చూపించాలి. బిడ్డ బ్రతికితే చాలునన్న ఆత్రములో ఈ ఒక్క పని మరచినవారు ఉన్నారు.

దారి ఉన్నది, నడవవలసినది మనమే

నాయుడు గారి బాల్యములో లేని దారి నేడు మనకున్నది. 1987లో హైదరాబాదులో వెలసిన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ పల్లెలకు పోవుటకు తొలి అడుగులు వేసినది మన ఉత్తర తెలంగాణలోనే. అప్పటి ఆదిలాబాదు జిల్లాలోని ముధోల్‌లో వారు కంటి ఆసుపత్రి నెలకొల్పారు. 2016లో జిల్లాలు విడిపోగా ముధోల్ ఇప్పుడు నిర్మల్ జిల్లాలో ఉన్నది. 1996 నుండి 2000 వరకు జరిగిన కంటి వ్యాధుల సర్వేకు రాష్ట్రమంతటిలో ఎన్నుకొన్న నాలుగు ప్రాంతములలో ఆదిలాబాదు ఒకటి. 2018 ఆగస్టు 15న రాష్ట్ర ప్రభుత్వము కంటి వెలుగు పేరుతో ఉచిత పరీక్షలు, అద్దాలు ఇచ్చే కార్యక్రమము మొదలుపెట్టింది. బడి పిల్లల కంటి పరీక్షలు జాతీయ కార్యక్రమములో భాగముగా ఉన్నాయి. అయినా పరీక్ష జరిగిన రోజున బడికి రాని పిల్లవాడు, అద్దాలు పగిలితే మరల కొనలేని పిల్లవాడు, పత్తి చేలలో, బీడీల గంపల వద్ద కూర్చున్న పిల్ల తప్పిపోతూనే ఉంటారు. వారి ఇంటి గడప తెలిసినవారు మనమే.

పుట్టు గ్రుడ్డివానిని చూచి శిష్యులు అడిగిన ప్రశ్న మనకందరికీ తెలుసును. వీడు చేసిన పాపమా, వీని తల్లిదండ్రులు చేసిన పాపమా అని. ప్రభువు ఆ లెక్క ఒప్పుకొనలేదు. తప్పు ఎవరిదని వెదకుట మాని ఆ మనిషికి చేయవలసిన పని చేశాడు. దిష్టి అని, కర్మ అని, సోమరితనమని మనము ఇప్పటికీ ఆ పాత ప్రశ్ననే వేస్తున్నాము. మేము వేదాంత కళాశాలలో ఆ అధ్యాయము మీద పరీక్ష వ్రాసి మంచి మార్కులు తెచ్చుకున్నవారమే. మా హాస్టలు చివరి వరుసలో అది మాకు గుర్తు రాలేదు.

కాబట్టి ఈ సంచిక చదువు సంఘములకు మా చిన్న మనవి. జూన్ నెలలో బడులు తెరిచిన తరువాత వచ్చే మొదటి ఆదివారము ప్రతి పాస్టరేటులో దేవాలయపు గోడకు ఒక కంటి పట్టిక తగిలించి, ఇరువది అడుగులు కొలిచి నేల మీద గీత గీయండి. చదువు రాని పసివారికి నాలుగు దిక్కులకు తిరిగిన ఈ గుర్తుల పట్టిక దొరుకుతుంది. దానిని చేతితో చూపిస్తే చాలును. ఒక కన్ను అరచేతితో మూయించి రెండవ కంటితో, తరువాత దానిని మార్చి చూపించండి. ఒక్కొక్క పిల్లకు రెండు నిమిషములు పట్టదు. తడబడిన పిల్లల పేర్లు వ్రాసుకొని ఆసుపత్రికి పంపండి. అద్దాలకు డబ్బు లేని ఇంటికి ఆనాటి కానుక నుండి సహాయము చేయండి.

మా బాలుడు తరువాత పదవ తరగతి, ఐ.టి.ఐ. ముగించి ఉద్యోగములో స్థిరపడ్డాడు. క్రిస్మసుకు వచ్చినప్పుడు మా ఇంటికి వచ్చి పోతాడు. ఆ చివరి వరుస మాట వాడు ఎన్నడూ ఎత్తలేదు. మేమే ఎత్తి, క్షమించుమని అడిగాము. వాడు నవ్వి, అద్దాలు తీసి తుడుచుకొని మరల పెట్టుకున్నాడు.